ఫ్రెంచి దొర అనని మాట

ఒమాన్‌లో సమాయిల్ దాటి లోయలోకి పోతే వచ్చే ఒక ఊళ్లో, సలీం అనే రైతు బావి గట్టు మీద నిలబడి, ఆ రోజు నేను ఒక ముసలాయన ప్రశ్నను మింగేశాను. ఆయన అడిగింది నన్ను కాదు. మా యజమాని బ్రెజాక్‌ను అడిగి చెప్పమన్నాడు. నేను అడగలేదు. అడిగినట్టు నటించి, జవాబు నేనే తయారుచేసి, యజమాని చెప్పిన మాటగా ఆయనకు అందించాను. ఎండగా ఉంది, ఆకలిగా ఉంది, బేరం కుదిరేలా ఉంది. ఇవేవీ కారణాలు కావు. అప్పుడు మాత్రం నాకు కారణాల్లాగే కనిపించాయి.

ఒమాన్‌లో నీటి పంపులు అమ్మి, బిగించి, బాగుచేసి నేను చాలా ఏళ్లు బతికాను. ఇప్పుడు మా యానాం, కాకినాడ వైపు కుర్రాళ్లు గల్ఫ్‌కి సేల్స్, సర్వీస్ ఉద్యోగాల మీద వెళుతూ, “అక్కడ పని ఎలా ఉంటుందండీ?” అని నన్ను అడుగుతుంటారు. వీసా సంగతులూ జీతం సంగతులూ నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది మార్సెల్ బ్రెజాక్ గురించి. పంపుల వ్యాపారం చేసుకుంటూ, రాజకీయ నాయకుల పేరెత్తితే మండిపడే ఆ మనిషి చివరికి తన ఊరికి మేయర్ అయ్యాడు. ఆయన్ని ఆ దారి పట్టించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే అది నేను చేసిన మంచి పని వల్ల కాదు.

తిట్టు వల్ల దొరికిన ఉద్యోగం

నా చిన్నతనంలో యానాంలో ఫ్రెంచివాళ్ల పాలన. ఇంట్లో తెలుగు, బళ్లో ఫ్రెంచి. మా హెడ్మాస్టారికి కోపం వస్తే ఒక ఫ్రెంచి తిట్టు తిట్టేవారు. దాని అర్థం ఇప్పటికీ ఇంట్లో ఆడవాళ్ల ముందు చెప్పను. పాలన పోయింది, బడి మారింది, ఆ తిట్టు మాత్రం నాతో ఉండిపోయింది. నేను కాకినాడలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే పని నేర్చుకున్నాను. డెబ్భైల మొదట్లో బొంబాయి మీదుగా మస్కట్ చేరి, ముత్రా రేవులో ఒక వ్యాపారి గోదాములో పనికి కుదిరాను.

ఒకరోజు రేవులో పెట్టె జారి నా కాలి మీద పడింది. హెడ్మాస్టారి తిట్టు దానంతట అదే బయటికొచ్చింది. అవతల ఇంకో పెట్టె లెక్క చూసుకుంటున్న పొట్టి తెల్లాయన గిర్రున తిరిగాడు. తల మీద గడ్డి టోపీ, చెవి వెనక పెన్సిలు, ఎండకు కందిన మెడ.

“ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఈ మాట?” అన్నాడు ఫ్రెంచిలో.

“బళ్లోనండీ.”

“ఏ బళ్లో?”

“ప్రభుత్వం బళ్లో. అప్పట్లో మీ ప్రభుత్వమేనండీ.”

ఆయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నా కాలు వాచింది గాని ఉద్యోగం దొరికింది. ఆయనకు అరబ్బీ నాలుగు ముక్కలకు మించి రాదు. నాకు అప్పటికే బజారు అరబ్బీ పట్టుబడింది. ఆ రోజు నుంచి ఆయన నోరు నేనే. నా పేరు సూర్యనారాయణ. అక్కడివాళ్లకు అంత పొడుగు పేరు తిరగక సూరి అనేవాళ్లు. నేనాయన్ని మా యానాం అలవాటు ప్రకారం ‘ముస్యే’, అంటే అయ్యగారూ, అనేవాణ్ణి.

బ్రెజాక్‌ది ఫ్రాన్సు దక్షిణాన ఏటి ఒడ్డున ఒక చిన్న ఊరు. తండ్రి సారా పీపాలు చేయించి అమ్మేవాడు. ఆ తండ్రి ఒకసారి మునిసిపల్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. ఓడితే ఓడాడు, అవతలి పక్షం వాళ్లు ఇక ఆయన దగ్గర పీపాలు కొనడం మానేశారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎన్నికలనే మాట ఎత్తకూడదు. కొడుకు పీపాలు వదిలి ఇంజన్ల వ్యాపారంలోకి దిగి, సముద్రాలు దాటి, ఒమాన్‌లో రోడ్లూ ఆసుపత్రులూ లేస్తున్న కాలానికి ముత్రాలో పంపుల దుకాణం తెరిచాడు. రేడియోలో ఏ మంత్రి గొంతు వినిపించినా చటుక్కున కట్టేసేవాడు. “వీళ్లు అమ్మే సరుక్కి రిపేరు బాధ్యత ఉండదు సూరీ. నేనట్లా అమ్మితే జైల్లో ఉంటాను” అనేవాడు.

సువైక్‌లో నేర్చుకున్నది

యజమానిగా ఆయన సులువైన మనిషి కాదు. కోపం వస్తే పెట్టెల్ని తన్నేవాడు. అక్కడ సెలవు శుక్రవారమే గాని ఆదివారం కాదని తెలిసీ ఆ రోజు పనిలోకి వస్తూ నా మీద విసుక్కునేవాడు, క్యాలెండర్ నేను రాసినట్టు. కాని నాకు పని నేర్పింది ఆయనే.

సముద్రం ఒడ్డున అల్ సువైక్‌లో ఒక రైతు పంపు కొన్నాడు. అంతకు ముందు అక్కడ ఎడ్లను కట్టి తోలు సంచితో నీళ్లు తోడేవారు, అచ్చం మన మోట లాగానే. ఆ కప్పీల కిర్రుమనే చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఇల్లు గుర్తొచ్చేది. పంపు పెట్టిన కొన్నాళ్లకే ఆ రైతు, “మీ యంత్రం చచ్చింది” అని కబురు పంపాడు. నేను ఇసుక దారిన పొద్దంతా ప్రయాణం చేసి వెళ్లి చూస్తే, డీజిల్ ట్యాంకు కింద కుళాయి కట్టేసి ఉంది. నేను కుళాయి తిప్పి, ఇంజను ఆడించి, పగలబడి నవ్వాను. ఆయన కొడుకులూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. తర్వాత నేను వెళితే గేటు దగ్గరే సలాం చెప్పి పంపించేవాడు.

ఇంకోసారి ఇంకో తోటలో అదే పని జరిగింది. ఈసారి బ్రెజాక్ నాతో ఉన్నాడు. కుళాయి కట్టేసి ఉండడం ఆయనా చూశాడు. ఏమీ అనకుండా కూర్చుని దాన్ని విప్పి, తుడిచి, ఎండకేసి పట్టుకుని చూసి, తల ఊపి, “ఈ కుళాయి మంచిది కాదు. మా తప్పే. మారుస్తాను” అన్నాడు. అదే కుళాయి మళ్లీ బిగించి తెరిచాడు. ఇంజను ఆడింది. రైతు మాకు ఖర్జూరాలు గంపెడు పెట్టి పంపాడు.

దారిలో, “ముస్యే, కుళాయి బాగానే ఉంది గదండీ” అన్నాను.

“కుళాయి బాగానే ఉంది. ఆయన కొడుకులు చూస్తున్నారు, నువ్వు చూడలేదా?” అన్నాడు.

ఈ ఉద్యోగంలోకి వచ్చే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే. ఇంజను విప్పడం ఎవరైనా నేర్పుతారు. తప్పు ఎప్పుడు తన నెత్తిన వేసుకుంటే పని సాగుతుందో తెలిసిన మనిషి దగ్గర కొన్నాళ్లు పనిచేయండి. నేను అలాంటి మనిషి దగ్గర పనిచేశాను. చేసి కూడా సమాయిల్ లోయలో ఆ పని చేశాను.

డీజిల్ గురించిన జవాబు

ఆ ఊళ్లో తోటలన్నీ ఒకే ఒక్క ఫలజ్ మీద బతుకుతాయి. ఫలజ్ అంటే కొండ మొదట్లో ఉన్న తల్లిబావి నుంచి నేల కింద సొరంగంలా తవ్వి తెచ్చిన కాలువ. పై తోటలవాళ్లు వంతు ప్రకారం వాడుకున్నాక కింది తోటలకు అందుతుంది. సలీం పొలంలో ఒక పాత చేదబావి ఉంది, తల్లిబావికి కొంచెం దగ్గర్లోనే. చేదతో తోడుకున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. సలీంకి గడ్డి పెంచాలని ఆశ. దానికి పంపు కావాలి.

మేము వెళ్లిన రోజు బావి చుట్టూ పదిమంది చేరారు. మా హెల్పర్ మల్లేశం పైపులు దించుతున్నాడు. అతనిది జగిత్యాల వైపు. నా దగ్గర చేరిన కొత్తలోనే నాకొచ్చినంత అరబ్బీ నేర్చేశాడు, అది నాకు కొంచెం కంటగింపు కూడా. కింది తోటల తాలూకు ముసలాయన ఒకడు, ఖల్ఫాన్ అని, కర్ర ఊతంగా పట్టుకుని ముందుకొచ్చాడు. ఆయనది నిమ్మతోట, కాలువ చిట్టచివర.

“ఓ సూరీ, ఈ ఫరాన్సీని అడుగు. ఈ యంత్రం ఇక్కడ నీళ్లు తాగితే కింద మా ఫలజ్‌కు తగ్గుతాయా?”

బ్రెజాక్ నా వైపు తిరిగి, “ఏమంటున్నాడు?” అన్నాడు.

“డీజిల్ ఎంత తాగుతుందని అడుగుతున్నాడండీ.”

బ్రెజాక్ మొహం వెలిగిపోయింది. డీజిల్ అంటే ఆయనకు ఇష్టమైన విషయం. డబ్బా ఎత్తి పోస్తున్నట్టు చెయ్యి వంచి చూపిస్తూ, ఒక్క డబ్బా పోస్తే పొద్దంతా ఆడుతుందని, ఇంత తక్కువ తాగే ఇంజను ఈ దేశంలో ఇంకోటి లేదని ఉత్సాహంగా చెప్పాడు. చివర్న రెండు చేతులూ దులిపి చూపించాడు.

నేను ఖల్ఫాన్‌తో, “నీళ్లకేమీ కాదంటున్నాడు బాబాయ్. మాట ఇస్తున్నాడు” అన్నాను.

మాట ఇస్తున్నాడు అనే ముక్కను ఎవరూ అడగలేదు. అది నేను ఊరికే కలిపాను. ఇంకా ఒప్పుకోవలసింది ఉంది. నాకు తెలియక అనలేదు. కాకినాడ దగ్గర ఒక ఆసామి పెద్ద ఇంజను పెడితే పక్కవాళ్ల బావులు దిగిపోవడం నేను కళ్లారా చూశాను. అడిగితే బ్రెజాక్ ఆ ప్రశ్న పట్టుకుని కూర్చుంటాడని, బేరం వాయిదా పడుతుందని, ఇంకోసారి ఈ రాళ్ల దారిన రావాలని, ఇదీ నా లెక్క.

పంపు బిగించి తిరిగి వస్తుంటే బండి వెనక మిగిలిన పైపుల మీద కూర్చున్న మల్లేశం కిటికీలోంచి తల పెట్టి తెలుగులో అన్నాడు: “మేస్త్రీ, ముసలోడు నీళ్ల ముచ్చట అడిగిండు గద. దొర డీజిల్ ముచ్చట జెప్పిండు. నడుమల ఏమాయె?”

“నీ పని నువ్వు చూసుకో.”

“నా పనే జూస్కుంటున్న. పైపులు మోసుడే గద నా పని. రేపు మల్ల పీకి మోసేటోన్ని గూడ నేనే.”

సబ్లాలో

ఆ ఎండాకాలం మొదలయ్యేసరికి మల్లేశం మాట నిజమైంది. ఆ ఊరి పెద్ద షేక్ గారు రమ్మంటున్నారని కబురొచ్చింది. ఊరి పెద్దలు కూర్చునే హాలును సబ్లా అంటారు. గోడల వెంట చాపలు, చాపల మీద ఊరంతా. మమ్మల్ని కూర్చోబెట్టి ఖర్జూరాలు, కాఫీ ఇచ్చారు. షేక్ సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. “ఏం కబురు?” అని అడిగాడు. “అంతా మంచిదే, అల్‌హమ్దులిల్లాహ్. మీ దగ్గరేం కబురు?” అన్నాను. “అంతా మంచిదే” అన్నాడు. గోడ వెంట ఉన్నవాళ్లందరూ అంతా మంచిదే అన్నారు.

బ్రెజాక్ నా చెవిలో, “అంతా మంచిదైతే మనల్నెందుకు పిలిచారు?” అన్నాడు.

“ఇంకా మొదలవలేదండీ.”

మొదలైంది. ఖల్ఫాన్ లేచి, కాలువ చివర నీళ్లు రావడం లేదని, నిమ్మచెట్లు ఆకు రాలుస్తున్నాయని, మొదట చనిపోయేవి తనవేనని చెప్పాడు. గొంతు పెంచలేదు. “ఈ ఫరాన్సీని ఆ రోజే అడిగించాను. నీళ్లకేమీ కాదని మాట ఇచ్చాడు. ఇక్కడున్న పదిమంది విన్నారు” అన్నాడు.

షేక్ బ్రెజాక్ వైపు చూశాడు. “నువ్వు మాట ఇచ్చావా?”

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నేను ఆ మాటనూ మార్చగలను. క్షణం పాటు ఆ ఆలోచన వచ్చింది కూడా. కాని ఖల్ఫాన్ మొహం చూశాక నోరు రాలేదు. ఆయన ఏమన్నాడో, షేక్ ఏమడిగాడో, ఉన్నదున్నట్టు ఫ్రెంచిలో చెప్పాను.

బ్రెజాక్ మెడ ఎర్రబడింది. నా వైపు చూశాడు. డీజిల్ డబ్బా, చేతులు దులపడం, ముసలాయన గంభీరంగా తలూపడం, అన్నీ ఆయన కళ్ల ముందు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చోవడం నాకు కనిపించింది. ఇప్పుడు వేలెత్తి నన్ను చూపిస్తాడు అనుకున్నాను. చూపిస్తే నా ఉద్యోగం పోయేది, ఆయన పేరు నిలిచేది. న్యాయంగా జరగవలసింది అదే.

ఆయన తనకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీలో, “అవును. నా మాట” అన్నాడు. తర్వాత ఫ్రెంచిలో నాతో, “ఇప్పటి నుంచి నేను చెప్పేది ఒక్క అక్షరం పోకుండా చెప్పు” అన్నాడు.

నేను చెప్పాను. అంతే చేశాను. ఆ మాట నాదని చెప్పడానికి ఆ గదిలో నాకు అరబ్బీ ఉంది, అవకాశం ఉంది. నోరు తెరవలేదు. మొదటి తప్పు ఆకలి మీద చేశాననుకున్నా, ఈ రెండోది కడుపు నిండా ఖర్జూరాలు తిని చేశాను.

పంపు తీసి తోటలకు దిగువన, ఫలజ్‌కు ఇబ్బంది లేని చోట కొత్త బావి తవ్వించి పెడతానని బ్రెజాక్ అన్నాడు. సలీం ఎగిరిపడ్డాడు: “నా గడ్డి సంగతి? నేనేమైనా దొంగతనం చేశానా?” ఒకడు సలీం వైపు, ఒకడు ఖల్ఫాన్ వైపు. షేక్ ఎవరినీ ఆపలేదు. చివర కూర్చున్న పాల మేకలవాడికి కూడా వంతు వచ్చింది. బ్రెజాక్ ముందుకు వంగి, “ఇతనేమన్నాడు? ఇతనేమన్నాడు?” అని ప్రతి మాటా నాచేత చెప్పించుకున్నాడు. నమాజు అయింది, భోజనం అయింది, మళ్లీ మాటలు మొదలయ్యాయి. చివరికి సలీం దిగువ బావికి ఒప్పుకుని, ఖల్ఫాన్ భుజం తట్టి, ఇంకా సణుగుతూనే లేచాడు. వెళదామా అంటే మా దొర కదలడే! “అయిపోయిందా? అప్పుడే?” అంటాడు.

తిరుగు దారిలో కనుమ దాటాక బ్రెజాక్ బండి ఆపి దిగాడు.

“సూరీ, మా ఊళ్లో సభ అంటే ఒకడు అరుస్తాడు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. మా నాన్న ఓడిపోయింది అందుకే. ఆయనకు అరవడం రాదు.” టోపీ తీసి దులుపుతూ, “ఇట్లా కూర్చుని వినడం అయితే నాకు వచ్చేమో” అన్నాడు.

“ముస్యే, ఆ మాట…” అని మొదలుపెట్టాను.

“తెలుసు. నా దుకాణం నుంచి వెళ్లినవాడు అన్నది నేను అన్నదే. దాని సంగతి నేను చూసుకున్నాను. నువ్వు అన్నావన్న సంగతి నువ్వే చెప్పుకోవాలి. అది నేను చెప్పను.” టోపీ పెట్టుకుని బండెక్కాడు. దాని గురించి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు సులువుగా ఉండేది.

బ్రెజాక్ మేయర్ అయిన విధం

కొన్నాళ్లకు ఆయన ఊళ్లో ఒక కౌన్సిలర్ చనిపోతే ఉప ఎన్నిక వచ్చింది. అందులో నిలబడతానని దుకాణం నాకు, తన ఒమానీ భాగస్వామికి అప్పగించి, ఇత్తడి కాఫీ కూజా ఒకటి, చిన్న కప్పులు ఒక పెట్టెడు కొనుక్కుని బయల్దేరాడు. తండ్రి పీపాల షెడ్డు ఊడ్పించి, గోడల వెంట చాపలు పరిచి, ఊళ్లో వాళ్లందర్నీ పిలిచి కూర్చోబెట్టాడట. ఉపన్యాసం లేదు. కాఫీ పోయడం, “మీ దగ్గరేం కబురు?” అని అడగడం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒమాన్‌లో కాఫీ చాలనుకుంటే కప్పు ఊపి చూపిస్తారు. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఆ సంగతి ఆ ఊరివాళ్లకు తెలియదు. ఆయన చెప్పడం మరిచిపోయాడు. వాళ్లు మర్యాదస్తులు, పోసినదల్లా తాగారు. “ఆ వారం మా ఊళ్లో ఎవరికీ నిద్ర లేదు సూరీ. నిద్ర లేనివాడు ఓటెవరికి వేస్తాడు? ఎదుటివాడికి!” ఓడిపోయి ముత్రాకు తిరిగొచ్చి, టీ తాగుతూ, ఈ కథ ఆయన చెబుతుంటే దుకాణమంతా నవ్వులు. పీపాలు అమ్మే తండ్రి లాగా కుంగిపోలేదు.

తర్వాత అసలు మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. ఈసారి కప్పు ఊపడం ముందే నేర్పించాడట. ఆయన తరఫున ఒక బేకరీ ఆయన ఇంటింటికీ తిరిగేవాడు. ఆ మహానుభావుడు ఉత్సాహం పట్టలేక, బ్రెజాక్ గెలిస్తే ఊళ్లోకి బస్సు వస్తుందని, ప్రతి వీధి మొదట్లోనూ ఆగుతుందని చెప్పుకొచ్చాడు. బ్రెజాక్‌కు ఆ సంగతే తెలియదు. చివరి రోజు ఒక ముసలావిడ సభలో లేచి, “బస్సు మా వీధిలో ఆగుతుందని మాట ఇచ్చారట, నిజమేనా?” అని అడిగింది. బేకరీ ఆయన కుర్చీలో కుంచించుకుపోయాడు.

“ఏమన్నారు ముస్యే?” అని అడిగాను, తర్వాత ఆయన ముత్రాలో ఈ కథ చెబుతుంటే.

“ఏమంటాను? అవును, నా మాట అన్నాను.”

గెలిచాడు. మేయర్ అయ్యాడు. బస్సు వచ్చింది. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోవచ్చు. బస్సు మాత్రం ప్రతి వీధి దగ్గరా ఆగుతూ వెళ్లేసరికి నడిచినవాడు ఇంటికెళ్లి చెప్పులు విప్పుకునేవాడు. వ్యాపారం భాగస్వామికి అమ్మేయడానికి ఆఖరుసారి ముత్రా వచ్చినప్పుడు ఈ కథ చెప్పి, తనే ముందు నవ్వాడు. మల్లేశం నా ద్వారా, “దొరా, ఆ బస్సుల సవారీ ఎవరైనా ఎక్కుతరా?” అని అడిగాడు. “ముసలావిడ ఎక్కుతుంది. రోజూ. దిగదు” అన్నాడు బ్రెజాక్.

గొప్ప నాయకుడయ్యాడా అంటే, నేను విన్నదంతా ఆయన నోటి నుంచే. కోపం తగ్గలేదని, ఊరి డాక్టరుతో మాటలు లేవని మాత్రం తనే ఒప్పుకున్నాడు. మేయర్ దాటి పైకి పోలేదు. పోవాలనుకున్నట్టు కూడా లేదు.

ఆ ఎండాకాలం

చెప్పడానికి కష్టంగా ఉన్నదాన్ని వెనక్కి నెట్టడం నా పాత అలవాటు. ఇక్కడ కూడా అదే చేశాను. బ్రెజాక్ ఎన్నికల కథలన్నీ తర్వాతివి. సబ్లాలో పంచాయితీ జరిగిన ఆ ఎండాకాలానికే ఇప్పుడు తిరిగి వెళతాను.

పంపు పీకాం, దిగువన పెట్టాం. కాని దిగిన నీళ్లు వెంటనే ఎక్కవు. వాన పడాలి, కాలువ పూడిక తీయాలి. ఆ వారాల్లో ఖల్ఫాన్ చెట్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చివరికి ఒక శుక్రవారం దుకాణం పికప్‌లో డ్రమ్ములు పెట్టి, నీళ్లు నింపి, మల్లేశాన్ని తోడు తీసుకుని బయల్దేరాను.

“నీ పాపానికి నాకు సెలవు లేదు మేస్త్రీ,” అన్నాడు మల్లేశం.

“నిన్ను రమ్మన్నానా?”

“రాకపోతె డ్రమ్ములు ఎవడు దించుతడు, మీ ఫ్రెంచి హెడ్మాస్టరా?”

ముందు సబ్లాకు వెళ్లాను. కాఫీ ఇచ్చారు. కప్పు అందుకుని తాగకుండా చాప మీద పెట్టాను. అతిథి అలా పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. షేక్ చూసి, “నీ అవసరం ఏమిటి సూరీ?” అన్నాడు. గోడ వెంట ఖల్ఫాన్ ఉన్నాడు, సలీం ఉన్నాడు.

చెప్పాను. ప్రశ్నను ఫరాన్సీకి చేర్చలేదని, ఆయన డీజిల్ గురించి మాట్లాడాడని, మాట ఇచ్చింది నేనని. అరబ్బీలో అంత తక్కువ మాటలతో అంత సేపు నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఖల్ఫాన్ గడ్డం నిమురుకుని, “డబ్బా ఒంపుతున్నట్టు చెయ్యి తిప్పుతూ నీళ్లకు మాటిచ్చే మనిషిని నేనెక్కడా చూడలేదు” అని, తన కర్ర ఎత్తి బ్రెజాక్ లాగా ఒంపి చూపించాడు. సబ్లా గొల్లుమంది. సలీం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

“తెలిసి కూడా ఆ రోజు ఊరుకున్నారా బాబాయ్?”

“మాట దుకాణానిది. దుకాణంవాడు ఒప్పుకున్నాడు. ఇక నీ సంగతి నువ్వెప్పుడు చెబుతావో చూద్దామనుకున్నాం.”

షేక్ నవ్వు ఆపుకుని, “నీ అవసరం చెప్పు, కాఫీ చల్లారుతోంది” అన్నాడు. ఫలజ్ పూడిక తీసే పనివాళ్లలో నన్నూ చేర్చుకోమన్నాను. ఆయన నా పొట్ట వైపు చూసి, “సొరంగంలో దూరగలవా?” అన్నాడు. మళ్లీ నవ్వులు. కాఫీ తాగాను.

ఆ ఎండాకాలం నా శుక్రవారాలన్నీ అక్కడే గడిచాయి. పొద్దున డ్రమ్ముల నీళ్లు నిమ్మచెట్లకు పోసేవాళ్లం. చిట్టచివరి వరసలో కొన్ని చెట్లు అప్పటికే చచ్చాయి. వాటికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. తర్వాత తాడు పట్టుకుని బావి లాంటి సందులోంచి సొరంగంలోకి దిగి, మోకాళ్ల మీద పాకుతూ మట్టి, రాళ్లు బుట్టలకెత్తేవాణ్ణి. పైన మల్లేశం, ఖల్ఫాన్ మనుషులు లాగేవాళ్లు. ఖల్ఫాన్ సందు అంచున కూర్చుని పర్యవేక్షణ. ముత్రాలో కూడా పద్ధతి మార్చుకున్నాను. పంపు ఎవరు అడిగినా, బేరం ముందు కాలువ చివరివాళ్ల దగ్గరికి వెళ్లి నేనే అడిగేవాణ్ణి. అమ్మకాలు కొన్ని పోయాయి. బ్రెజాక్ పెట్టెలు తన్నాడు గాని వద్దనలేదు.

ఒక శుక్రవారం సొరంగంలో ఉండగా పై నుంచి ఖల్ఫాన్ గొంతు వినిపించింది. “సూరీ! నీళ్లు పెరిగాయా?”

చెయ్యి పెట్టి చూశాను. పైన ఆయన ఏం వినాలనుకుంటున్నాడో నాకు తెలుసు. మల్లేశం కూడా లాగడం ఆపాడు.

“లేదు బాబాయ్. పోయిన వారం ఎంతున్నాయో అంతే.”

ఖాళీ బుట్ట పై నుంచి దిగింది, వెనకే ఖల్ఫాన్ గొంతు.

“సరే,” అన్నాడు. “బుట్ట నింపు.”

నింపాను.